చివరి నల్లా

కొత్తకోట,
26 నవంబర్ 2023

భాయ్‌కు లాడ్లీ సలాం.

నీ చెవులు ఎట్లున్నాయి? పోయినసారి ఫోన్‌లో నేను తిన్నావా అని అడిగితే నువ్వు "నిన్ననే పోయిండు" అన్నావు. ఎవరు పోయారో తెలియక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. ముప్పై ఏళ్ళు పంపుహౌసులో మోటారు పక్కన కూర్చున్న చెవులు, ఇక ఫోన్‌కు పనికిరావు. నీ కోడలు సమీరాకు మెసేజ్ పెట్టొచ్చు కానీ, ఆ పిల్ల నా బాధలన్నీ నీ చెవిలో అరిచి చదివితే మీ వాడకట్టంతా వింటుంది. అందుకే ఉత్తరం. అబ్బా మనల్ని తెలుగు బడిలో వేసినందుకు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

నిన్ను ఒక నీళ్ళ సంగతి అడగాలి.

మా శోభమ్మ తల్లి జానమ్మ అవ్వ తెలుసు కదా, మక్తల్ దిక్కున గొర్రెలు కాసి కాసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నేను ఈ ఇంట్లో వంటకు కుదిరిన ఆరేళ్ళ నుంచి ఆమెను చూసుకునేది నేనే. ఈ మధ్య మంచం దిగడమే కష్టమైంది. వేడినీళ్ళలో కూర్చోబెట్టి కాళ్ళు ఆడించమని డాక్టరు చెప్పాడట. అల్లుడు ప్రేమ్‌సాగర్ సార్ ఊరుకుంటాడా? హైదరాబాదు నుంచి హాట్ టబ్ అని ఒకటి తెప్పించి, ఇంటి వెనక అద్దాల గదిలో పెట్టించాడు. ఆరుగురు పట్టే తొట్టి. నీళ్ళు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి, అడుగు నుంచి బుడగలు తన్నుకొస్తుంటాయి. అవ్వ దాన్ని చూసి, "గీ గంగాళంల నన్ను ఉడకబెడ్తరా? మరి ఉప్పుకారం ఎవలేస్తరు?" అంది. దిగనని మొండికేసింది. చివరికి నా రెండు చేతులూ పట్టుకుని దిగింది. దిగినాక లేవనంది.

భాయ్, పన్నెండు రోజుల్లో ఆమె కర్ర లేకుండా గేటుదాకా నడిచింది. శోభమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు నా తిప్పలు విను. ఆ నీళ్ళు రోజూ మార్చరు, మూడు నెలలకోసారి మారుస్తారట. అందాకా చెడిపోకుండా క్లోరిన్ మందు వేస్తుండాలి. టబ్బు బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి ఎల్లేష్ పావుగంటలో అన్నీ చూపించి పోయాడు. ఒక డబ్బా మందు, దాంట్లో చిన్న గరిటె, ఒక సీసాలో కాగితపు పుల్లలు. పుల్లను నీళ్ళలో ముంచి తీస్తే కొసకు రంగు వస్తుంది. "గులాబీ రంగుంటె మంచిగున్నట్టు. తెల్లగుంటె మందు లేనట్టు, గరిటెడు ఎయ్యాలె. నేరేడుపండు లెక్కయితే ఎక్కువైనట్టు, ఎవ్వలిని దిగనియ్యొద్దు," అని చెప్పాడు.

పొద్దున గులాబీగా ఉన్నది సాయంత్రానికి తెల్లబడుతుంది. వేస్తే మళ్ళీ గులాబీ. మనసు ఒక చోట నిలవడం లేదు. ఫజర్ నమాజుకు లేస్తే అల్లా పేరు కంటే ముందు ఆ పుల్ల గుర్తొస్తోంది, తౌబా తౌబా. రోజుకు ఏడెనిమిది ముంచుతున్నాను. తక్కువైతే అవ్వ ఒంటికి ఏ పొక్కులో లేస్తాయి, ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదు. ముసలామెను నా చేతిలో పెట్టి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. పొరపాటు జరిగిందా, నేనుంటున్న ఈ వెనక గది పోతుంది. నా బిడ్డ ఇఫ్రా నర్సింగు కాలేజీ నుంచి సెలవులకు వస్తే దిగడానికి ఇంకో జాగా లేదు మాకు.

నువ్వు ఊరికి నీళ్ళు తాగించిన మనిషివి. జర చెప్పు.

నీ చెల్లె
లాడ్లీ


కేతేపల్లి,
2 డిసెంబర్ 2023

లాడ్లీకి భాయ్ గులాం నబీ దువా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పుల్ల ముంచి గుండెలు బాదుకునే దానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. చిన్నప్పుడూ అంతే. అన్నం ఉడికిందో లేదోనని మెతుకు మెతుకూ చిదిమి చూసేదానివి. మేం తినే వేళకు గంజి మిగిలేది.

అడగాల్సిన మనిషినే అడిగావు. ఇక్కడ నేనెట్లా చేస్తానో చెప్తాను, విను. బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్లో కలిపి, పైన తేరిన నీళ్ళను ట్యాంకులో పోస్తాను. గంట ఆగుతాను. అప్పుడు ట్యాంకు దగ్గర చూడను, అది తెలివితక్కువ పని. సైకిలెక్కి ఊరి కొసకు, గాలయ్య ఇంటి ముందరి నల్లా దగ్గరికి పోతాను. మా ఊళ్ళో అదే చివరి నల్లా. గాజు గొట్టంలో అక్కడి నీళ్ళు పట్టి, చుక్కల మందు వేసి ఊపుతాను. లేత పసుపు తేలితే ఊరంతా క్షేమం. రంగు రాలేదంటే మందు దారిలోనే ఖర్చయిపోయినట్టు. ఇంకో బకెట్ పోస్తాను. ఇవాళ పొద్దున కూడా అదే పని చేసి వచ్చి, చాయ్ తాగి నీకు రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ పద్ధతి నన్ను మోసం చేయలేదు.

నీకూ అదే. రంగు లేకపోతే మందు లేదు. మందు లేకపోతే వెయ్యి. ఇందులో ఫికర్ ఏముంది?

వేడి మీద మందు తొందరగా ఎగిరిపోతుంది, సాయంత్రానికి తెల్లబడడం అందుకే. ఒంటి చెమట, తల నూనె, సబ్బు నురగ, ఇవన్నీ మందును తింటాయి. కాబట్టి దిగేముందు అవ్వను మామూలు నీళ్ళతో ఒళ్ళు కడుక్కోమను. మందు వేశాక మూత వెంటనే బిగించకు, కాసేపు గాలి ఆడనియ్యి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుల్ల ముంచు. మిగతా ఆరు పుల్లలు దాచిపెట్టు, ఇఫ్రా పెళ్ళికి పనికొస్తాయి.

ఇంకేదైనా అనుమానం వస్తే రాయి. చిన్నదైనా రాయి. నేను చూస్తుంటాను.

భాయ్
గులాం నబీ


కొత్తకోట,
27 డిసెంబర్ 2023

భాయ్‌కు లాడ్లీ సలాం.

నీ మాట ప్రకారం ఇరవై రోజులు హాయిగా గడిచాయి. రోజుకు రెండే పుల్లలు. అవ్వ గేటు దాటి రోడ్డుమీది కిరాణా కొట్టుదాకా పోయి బెల్లం కొనుక్కొచ్చింది. "నడవనోళ్ళను బండ్ల మీద దిప్పుతరు, నడిచెటోళ్ళను తిడ్తరు," అని కూతురు మీద గొడవ పడింది. ఎంత ముచ్చటగా ఉందో.

మొన్న ఆదివారం ప్రేమ్‌సాగర్ సార్ దోస్తులు వచ్చారు. ఎనిమిది మంది మగవాళ్ళు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా దిగుతూ లేస్తూ దాంట్లోనే ఉన్నారు. ఒళ్ళు కడుక్కొని దిగండని నేనెట్లా చెప్పేది? తలలకు నూనె, ఒంటికి సెంటు. ఎవరో కూల్‌డ్రింకు కూడా ఒలకబోశారు. వాళ్ళు పోయేసరికి నీళ్ళు గంజిలా ఉన్నాయి.

సోమవారం పుల్ల తెల్లగా ఉంది. రెండు గరిటెలు వేశాను. గంట ఆగి చూస్తే తెలుపే. మధ్యాహ్నం ఇంకొకటి. తెలుపే. మంగళవారం పొద్దున రెండు, సాయంత్రం ఒకటి. నీళ్ళు తేటపడ్డాయి, అడుగుదాకా కనిపిస్తోంది. పుల్ల మాత్రం తెలుపే. ఇవాళ పదకొండు పుల్లలు ముంచాను, నన్ను తిట్టకు. కొత్త సీసా విప్పి ముంచినా అంతే.

భాయ్, ఆ మందంతా ఎటు పోతోంది? గదిలోకి అడుగుపెడితే ముక్కు మండుతోంది. మూత ఎత్తితే కళ్ళలో నీళ్ళు. ఇంత వాసన కొడుతుంటే మందే లేదని పుల్ల అంటోంది. నాకు పుల్ల మీద నమ్మకం పోతోంది. ముక్కు ఒకటి చెప్తోంది, కన్ను ఒకటి చెప్తోంది, నేనెవరి మాట వినాలి?

అవ్వ రోజూ అడుగుతోంది. మూడు రోజులుగా హీటరు చెడిందని అబద్ధం చెప్తున్నాను. పొద్దున లేచేసరికి మోకాళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయట. సార్ కూడా, "హీటరు మంచిగనె ఉన్నది గదా, ఎందుకు ఆపినవ్?" అని అడిగాడు. ఇంకా ఎన్ని రోజులు ఆపగలను? తొందరగా జవాబు రాయి. పోస్టులో వద్దు, బస్సుకు ఇచ్చి పంపు.

లాడ్లీ


కేతేపల్లి,
30 డిసెంబర్ 2023

లాడ్లీకి,

కొత్తకోట మీదుగా పోయే బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు, అందుకే నాలుగు ముక్కలే.

ముక్కును నమ్మకు. ఆ వాసన మురికిని తిని చచ్చిన మందుది. ఎనిమిది మంది మురికిని తినడానికి నీ గరిటెలు చాలలేదు. చిన్న చిన్నగా వేస్తే వేసిందంతా మురికే మింగుతుంది, పనిచేసే మందు మిగలదు. మా ట్యాంకు కడిగినప్పుడు నేనూ ఒక్కసారే దండిగా పోస్తాను. నాలుగు గరిటెలు ఒకేసారి వెయ్యి. గంట ఆగి ముసలమ్మను దించు. రంగు లేకపోతే మందు లేదు, ఎన్నిసార్లు చెప్పాలి?

నీకు చిన్నప్పటి నుంచీ భయమెక్కువ. నీ భయానికి ఆమె మోకాళ్ళు బలిపెట్టకు.

భాయ్


మహబూబ్‌నగర్,
5 జనవరి 2024

భాయ్‌కు సలాం.

అంతా బాగానే ఉంది. నువ్వు చెప్పినట్టే చేశాను. తర్వాత ఆ నీళ్ళు వదిలేసి కొత్తవి నింపాను. ఇఫ్రాను చూసిపోదామని ఇక్కడికి వచ్చాను, ఇంకొన్ని రోజులు ఉంటాను. జవాబు ఆమె హాస్టల్ చిరునామాకు రాయి, కింద ఇచ్చాను.

ఒక్క మాట అడుగుతాను. మందు లేకపోవడం కాక, పుల్ల తెల్లగా ఉండడానికి వేరే కారణం ఏదైనా ఉంటుందా? అవ్వ నల్ల లంగా ఆ నీళ్ళలో తడిసింది. ఆరేస్తే అక్కడక్కడ ఎర్రమట్టి రంగుకు తిరిగింది. మందు లేని నీళ్ళు బట్ట రంగును తింటాయా?

ఇందులో రెండు కొత్త పుల్లలు పెట్టాను. నువ్వే ముంచి చూడు.

ఎల్లేష్ బిగించిన మెషిన్‌లోనే ఏదో చెడిందని ప్రేమ్‌సాగర్ సార్ అతన్ని ఫోన్‌లో నానా మాటలూ అన్నాడు. కంపెనీకి కాగితం పెడతాడట.

లాడ్లీ


కేతేపల్లి,
8 జనవరి 2024

లాడ్లీ,

"అంతా బాగానే ఉంది" అని మొదలుపెట్టిన ఉత్తరం నీ చేతి నుంచి నేను ఈ జన్మలో చూడలేదు.

నువ్వు పంపిన పుల్లలతో చూశాను. చెంబెడు నీళ్ళలో అర చెంచా బ్లీచింగ్ కలిపి ఒక పుల్ల ముంచాను. ఒక్క క్షణం నేరేడు రంగు మెరిసింది. నేను కళ్ళద్దాలు సర్దుకునేలోపు తెల్లగా అయిపోయింది. పాలలాగా తెలుపు. రంగు రాకపోవడం కాదు లాడ్లీ. వచ్చిన రంగును మందే తినేసింది.

అవే నీళ్ళు ఒక గ్లాసు తీసుకుని, అట్లాంటివి తొమ్మిది గ్లాసుల మంచినీళ్ళు కలిపి రెండో పుల్ల ముంచాను. నేరేడు రంగు వచ్చి, నిలిచింది. పదింతలు పలచబడ్డాకే ఆ పుల్ల నిజం చెప్పగలిగింది. మా చుక్కల మందుకు ఈ గుణం లేదు. క్లోరిన్ ఎక్కువైతే పసుపు పోయి ఇటుక రంగు వస్తుంది కానీ తెల్లబడదు. అందుకే తెలుపంటే లేమి అని నా బుర్రలో పాతుకుపోయింది. నీ పుల్ల వేరు జాతిది. దాన్ని కంటితో చూడకుండానే నీకు హుకుం పంపాను.

ఇంకొకటి. ఇక్కడ నేను ఒక బకెట్ ఎక్కువ పోసినా మళ్ళీ నీళ్ళు ఎక్కుతాయి, పైపుల్లో సాగుతాయి, చివరి నల్లాకు చేరేసరికి తగ్గిపోతుంది. నీ టబ్బుకు పైపు లేదు, నల్లా లేదు. వేసిందంతా అక్కడే ఉంటుంది. అక్కడ చివరి నల్లా అంటే జానమ్మ అవ్వే.

నీ ముక్కు నిజం చెప్పింది. నేను దాని నోరు మూయించాను.

ఒక అబద్ధం కూడా ఒప్పుకోవాలి. ఏడాదిగా నేను ట్యాంకు ఎక్కడం లేదు. దాని దగ్గర మందు పోసే మెషిన్ పెట్టారు, అదే లెక్క చూసుకుని అదే పోస్తుంది. తాళంచెవి కూడా వేరేవాళ్ళ దగ్గర ఉంది. గాలయ్య నల్లా దగ్గరికి అలవాటుకొద్దీ పోయి కూర్చుని వస్తుంటాను, అంతే. ఈ ఏడాదిలో నన్ను నీళ్ళ గురించి అడిగిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ సంబరంలో ఒళ్ళు మరిచాను. తెలియదు, చూసి చెప్తాను అనే మాట నా నోటికి రాలేదు.

టబ్బులోకి ఎవరు దిగారు? ఏమైంది? ఉత్తరం మీద మహబూబ్‌నగర్ అని ఎందుకుంది?

ఇది పోస్టులో వేయను. రేపు తెల్లారి బస్సుకు నేనే తెచ్చి ఇఫ్రా హాస్టల్‌కు వస్తాను.

భాయ్


మహబూబ్‌నగర్, దవాఖాన వరండా,
9 జనవరి 2024

భాయ్, మెల్లగా. నువ్వు గుసగుస అనుకుంటున్నది వార్డు మొత్తం వింటోంది. శోభమ్మ లోపలే ఉంది. ఇఫ్రా నిన్ను ఇక్కడికి తీసుకొచ్చింది కానీ ఆమెకు కూడా నిజం తెలియదు. అందుకే ఆమెను చాయ్ తెమ్మని పంపాను. నేను రాస్తాను, నువ్వు చదువు. నువ్వూ రాయి. నోరు తెరవకు.

నీ ఉత్తరం అందిన మర్నాడు, జనవరి ఒకటిన, నాలుగు గరిటెలూ ఒకేసారి వేశాను. చలిగా ఉందని అవ్వ అద్దాల తలుపులన్నీ వేయించింది. గంట ఆగాను. పుల్ల తెలుపే. అయినా నువ్వు దించమన్నావు కదా. నాక్కూడా ఆమె నడవాలని ఉండింది. మూత తీసి దించాను. పట్టుకోవడానికి నేను మోచేతులదాకా ముంచాను. కొంచెంసేపటికే అవ్వ, "బిడ్డా, గొంతుల మిరపకాయ పడ్డట్టున్నది," అంది. దగ్గు మొదలైంది, ఆగలేదు. పైకి లాగేసరికి ఒళ్ళు ఎర్రగా కందిపోయింది, ఊపిరి ఈల వేస్తోంది.

శోభమ్మ కారు తీసింది. వాళ్ళు ఎక్కుతుంటే నేను వెనక్కి ఉరికి టబ్బు కింద బిరడా లాగేశాను. నీళ్ళన్నీ పోయాయి. ఎందుకు లాగానో నీకు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ డాక్టరు, "చలిల వేడినీళ్ళ స్నానం చేసింది, నిమ్ము జేసినట్టున్నది," అన్నాడు. నేను తలూపాను. ఎనిమిది రోజులుగా నిమ్ముకే మందులు ఇస్తున్నారు. ఆక్సిజన్ తీస్తే ఆయాసం వస్తోంది. ఇఫ్రా నన్ను, "అమ్మీ, నీళ్ళల్ల మందు గిట్ల ఎక్కువైందా?" అని సూటిగా అడిగింది. లేదన్నాను. నా చేతులు చూడు, మోచేతులదాకా కందిపోయాయి, కొంగు కింద దాచుకుని తిరుగుతున్నాను.

*

లాడ్లీ, లోపలికి పో. ఇప్పుడే పో. డాక్టరుకు చెప్పు. క్లోరిన్ అని చెప్పు, ఎన్ని గరిటెలో చెప్పు. ఆయన చీకట్లో మందు ఇస్తున్నాడు.

*

చెప్తే నా జాగా పోతుంది. బిరడా లాగిన సంగతి కూడా బయటపడుతుంది. పోలీసులంటారేమో. ఆరేళ్ళు ఆ గదిలో ఉన్నాను భాయ్. ఇఫ్రా వాళ్ళ అబ్బా పోయాక నేనూ ఇఫ్రా తల దాచుకున్న జాగా అదొక్కటే.

*

నా పేరు చెప్పు. నాలుగు గరిటెలు వెయ్యమని మా అన్న రాసిండు అని చెప్పు. బస్సుకు పంపిన కాగితం ఉందా?

*

కాల్చేశాను. నీకు చెడ్డపేరు రావద్దని.

*

నా పేరు ఏం చేసుకుంటాను, ఉప్పు వేసి ఊరబెట్టుకుంటానా? నేను ఇప్పుడు మళ్ళీ రాసిస్తాను, సంతకం పెడతాను. అయినా గది సంగతి, నా సంగతి పక్కన పెట్టు. లోపల ఆమె ఊపిరి కోసం కొట్లాడుతోంది. ఆ ఊపిరికి ఏమైందో తెలిసింది మనిద్దరికే. నువ్వు లేవకపోతే నేను లేచి అరిచి చెప్తాను. నా గొంతు సంగతి నీకు తెలుసు.

*

అరవకు. పోతున్నాను. ఈ కాగితమే తీసుకుని పోతాను, నా నోటితో చెప్పలేను.


కొత్తకోట,
18 ఫిబ్రవరి 2024

భాయ్‌కు లాడ్లీ సలాం.

నీకు రాయక నెల దాటింది. ఇన్నాళ్ళూ ఏమని రాయాలో తోచలేదు. కాగితం తీయడం, మడిచిపెట్టడం, ఇదే పని.

డాక్టరు ఆ కాగితం చదివి నా ముఖంలోకి చూసిన చూపు చచ్చేదాకా మరవను. "మొదటి దినమే జెప్తె ముసలామె గింత గోస పడేది కాదమ్మా," అన్నాడు, అంతే. మందులు మార్చారు. మూడోనాటికి ఆక్సిజన్ తీసేశారు. పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. నువ్వు సంతకం పెట్టిచ్చిన కాగితం శోభమ్మ చదివి బీరువాలో పెట్టింది. ప్రేమ్‌సాగర్ సార్ ఎల్లేష్‌ను పిలిపించి, ముఖం చూడలేక నేలచూపులతో మాఫీ అడిగాడు. పోలీసుల మాట ఎవరూ ఎత్తలేదు.

నేను బట్టలు మూట కట్టి పెట్టుకున్నాను. శోభమ్మ ఆ మూట చూసి, "యాడికి పోతవ్? ఇప్పిపెట్టు," అంది. గొంతులో పాత తీపి లేదు, కోపమూ లేదు. కాబట్టి జాగా పోలేదు భాయ్. ఏ భయంతో ఎనిమిది రోజులు నోరు కుట్టుకున్నానో, ఆ గది నాకే ఉంది.

అవ్వ సంగతి వేరు. దవాఖానలో ఆ రోజు డాక్టరు ఆ కాగితం పైకి చదువుతుంటే ఆమె కళ్ళు మూసుకుని పడుకుంది కానీ అన్నీ విన్నది. ఇంటికి వచ్చిన నాలుగో రోజు నేను అన్నం తినిపించబోతే పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు చెప్పింది. "పుల్లది తప్పు, మీ అన్నది తప్పు, గదంత ఇడువు. తెల్వక జేసినరు. కని నేను దగ్గి దగ్గి సస్తుంటె ఎనిమిది దినాలు పక్కన కూసొని ఈపు రాసినవ్. నీకు తెల్సు. నా మొకం జూసుకుంటనే సప్పుడు జెయ్యకపోతివి. నా గొర్రెకు రోగమొస్తె గూడ నేనట్ల ఉండలే."

దీనికి నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

వేడినీళ్ళు మళ్ళీ మొదలుపెట్టమని డాక్టరు చెప్పాడు, లేకపోతే మోకాళ్ళు పూర్తిగా పట్టేస్తాయట. ఇప్పుడు నేను నువ్వు చెప్పినట్టు రెండు రకాలుగా చూస్తాను. ఒకటి నేరుగా, ఒకటి తొమ్మిది గ్లాసులు కలిపి. నేరుగా ముంచితే గులాబీ రావాలి, కలిపి ముంచితే తెల్లగా ఉండాలి. రెండూ కుదిరితేనే సరి. కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. మొదటిరోజు అన్నీ సరిగ్గా ఉన్నాయని రూఢి చేసుకుని, అవ్వ ముందు నిలబడి రా అన్నాను. ఆమె కుర్చీ తెప్పించుకుని టబ్బు ఎదుట కూర్చుంది. "ముందుగాల నువ్వు దిగు," అంది.

చీరతోనే మెడదాకా దిగాను. ఆమె గోడమీది గడియారం చూస్తూ కూర్చుంది, మధ్యమధ్య నన్ను చూస్తూ. అరగంట నిండింది. తర్వాత, "ఇగ లే," అంది. నా చేతులు తిప్పి చూసింది, మెడ చూసింది, శ్వాస గట్టిగా పీల్చమంది. అన్నీ చూసి, కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. టబ్బులో కాలు పెట్టలేదు.

పదిహేను రోజులుగా రోజూ ఇంతే. శోభమ్మ బతిమాలినా వినదు. గేటుదాకా నడిచిన మనిషి ఇప్పుడు కర్రతో కూడా గడప దాటలేకపోతోంది. రోజూ అరగంట ఆ నీళ్ళలో కూర్చునేసరికి, మెట్లెక్కితే కలుక్కుమనే నా మోకాళ్ళు మాత్రం పూర్తిగా బాగయ్యాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాను భాయ్.

రేపు పొద్దున మళ్ళీ దిగుతాను. ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ దిగుతాను.

నీ చెల్లె
లాడ్లీ